మెత్తబడిన రెండో బ్రేకు

పోయినవారం మనం డ్రైవింగ్ నేర్పే మన టీచరమ్మను ఆసుపత్రి మెట్ల మీద నవ్వుముఖంతో వదిలిపెట్టి వచ్చాం. నవ్వకేం మరి? వీపు మధ్య వెన్నుపూసలో ఉన్న గడ్డ క్యాన్సర్ కాదని తేలింది. రక్తనాళాలు చిక్కుపడి ఎముకలోపల ఉబ్బిన గడ్డ అది. అలాంటివి చాలామంది వెన్నుపూసల్లో ఉంటాయట, ఉన్నాయని తెలియకుండానే నిండు నూరేళ్ళూ బతికేస్తారట. ఎక్కడో అరుదుగా ఒకరికి మాత్రం అది ఎముకలో ఇమడకుండా బయటికి పెరిగి, లోపలున్న వెన్నుపామును నొక్కుతుంది. ఆ ఒకరు మన టీచరమ్మ అయింది. అయినా సర్జన్ మేడమ్ తొందరపడలేదు. "కుడికాలి బలం తగ్గుతూ వస్తోందా, ఉన్నట్టే ఉందా?" అని అడిగింది. "ఉన్నట్టే ఉంది మేడమ్. రోజూ తొక్కే బ్రేకే, రోజూ తొక్కినట్టే తొక్కుతున్నాను," అంది టీచరమ్మ ఏమాత్రం తడుముకోకుండా. ఆ ఒక్క మాట మీద ఆపరేషన్ వెనక్కి పోయింది. కొన్నాళ్ళు చూద్దాం, మళ్ళీ స్కాన్ తీద్దాం, అవసరమైతే రేడియేషన్ ఇద్దాం అన్నారు. పక్క కుర్చీలో ఉన్న భర్త ఆ మాట విని ఎందుకో కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు ఆవిడా పట్టించుకోలేదు, మనమూ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక ఆ కబురు ఊరంతా పాకించే బాధ్యత వదినగారు తన నెత్తిన వేసుకుంది. టీచరమ్మ భర్తకు ఈవిడ అక్క. డ్రైవింగ్ స్కూల్లో ఫోన్ దగ్గర కూర్చునేది ఈవిడే. ఎవరు ఫోన్ చేసినా, క్లాసు ఎప్పుడని అడిగేలోపే, "మా మరదలికి క్యాన్సర్ కాదండీ!" అని మొదలుపెట్టేది. తప్పు నంబరు కలిపిన ఒకాయన కూడా పాపం సంతోషించి, జాగ్రత్తగా చూసుకోమని చెప్పి పెట్టేశాడు.

ఆ వారం స్కూలు తెల్లకారును రంగు వేయించడానికని షెడ్డులో ఓ పక్కకు పెట్టారు. షెడ్డు, స్కూలు, ఇల్లు అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. ముందు ఆఫీసు గది, వెనక షెడ్డు, మీద ఇల్లు. బళ్ళు బాగుచేసేది భర్త. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి అందరూ ఆయన్ని పానా అనే పిలుస్తారు. ఆయనకీ ఆ పేరే అలవాటైపోయింది, అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరగడు. ఆ ఉదయం ఆయన రంగు డబ్బాల కోసం బయటికెళ్ళాడు. ఆయన ఉండి ఉంటే తర్వాతి సంగతులేవీ జరిగేవి కావు, కనీసం ఆ రోజుకు.

ఎందుకంటే వదినగారు ఆయన్ని అడక్కుండానే టైలర్ గారి క్లాసును ముసలిబండికి మార్చేసింది. ముసలిబండి అంటే స్కూలు పెట్టిన కొత్తలో కొన్న నీలం కారు. తెల్లది వచ్చాక అది మూలన పడింది. అప్పుడప్పుడూ ఇంజన్ స్టార్ట్ చేసి వదిలేయడం తప్ప దాన్ని రోడ్డెక్కించి చాలాకాలమైంది.

టీచరమ్మ పక్క సీట్లో కూర్చుంది. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చునే టీచర్‌కు కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. దాన్నుంచి ఒక ఇనపకడ్డీ అవతలి బ్రేకు దాకా పోతుంది. స్టూడెంట్ కంగారుపడి ఏ గోడ మీదికో పోనిస్తే ఈ రెండో బ్రేకే దిక్కు. అందుకే ఎవర్ని ఎక్కించుకున్నా, బండి కదలకముందే టీచరమ్మ ఓసారి దాన్ని తొక్కి చూస్తుంది. పాతికేళ్ళ అలవాటు అది. సినిమా హాల్లో సీట్లో కూర్చున్నా ముందు కుడికాలితో నేల తొక్కి చూస్తుందని వదినగారు ఏడిపిస్తుంది.

తొక్కింది. దిగలేదు.

మళ్ళీ తొక్కింది. గోడను తోసినట్టుంది.

"తుప్పు పట్టినట్టుందండీ," అంది స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోయి ఉన్న టైలర్ గారితో. "ఒక్కసారి ఇటొచ్చి తొక్కుతారా? బిగుసుకుందేమో చూద్దాం."

టైలర్ గారు సన్నగా, పుల్లలా ఉంటాడు. గాలి గట్టిగా వీస్తే గుడ్డల మూటను పట్టుకుని నిలబడే రకం. దిగి ఇటువైపు వచ్చి, కూర్చుని, చెప్పు విడిచి, బట్టలు కుట్టే మిషన్ మీద పెట్టినట్టు మర్యాదగా పాదం పెట్టి నొక్కాడు. బ్రేకు సాఫీగా కిందికి పోయింది.

"మా మిషన్ అంత తేలిగ్గా లేదు గానీ, దిగుతోందండీ," అన్నాడు. మళ్ళీ నొక్కి చూపించాడు. "బాగానే ఉందే!"

టీచరమ్మ ఆయన్ని లేపి తను కూర్చుని మరోసారి ప్రయత్నించింది. ఈసారి రెండు చేతులూ మోకాలి మీద పెట్టి, ఒళ్ళంతా ముందుకు వంచి తొక్కింది. సగం దిగి ఆగిపోయింది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. చేతులు తీసేయగానే బ్రేకు ఆవిడ పాదాన్ని పైకి తోసేసింది.

"ఇవాళ క్లాసు లేదండీ," అంది మెల్లగా. "రేపు మా వదిన ఫోన్ చేస్తుంది."

టైలర్ గారు తన తప్పేదో ఉందనుకుని క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆవిడ గోడ పట్టుకుని షెడ్డులో ఉన్న తెల్లకారు దగ్గరికి నడిచింది. ఎక్కి కూర్చుని రెండో బ్రేకు తొక్కింది. వెన్నలా దిగింది. రంగుకని పక్కన పెట్టేదాకా రోజూ అలాగే దిగింది. దిగుతోంది కాబట్టే కాలు బాగుందనుకుంది. ఆ దిగడం చూసే కదా డాక్టరుకు అంత ధీమాగా చెప్పింది! సీటు వెనక్కి జరిపి, చేతి టార్చి వెలిగించి కిందికి వంగింది.

పానాకు ఒక అలవాటుంది. ఏ బోల్టు బిగించినా దాని పక్కన పసుపు రంగుతో ఒక చుక్క పెడతాడు. బిగించాను, చూసుకున్నాను అని తనకు తాను చెప్పుకునే గుర్తు అది. షెడ్డులో పని నేర్చుకున్న రోజుల్నుంచీ ఉన్నదే. రెండో బ్రేకుకు కడ్డీని తగిలించే ఇనప పట్టీ మీద పాత పసుపు చుక్క ఒకటి ఉంది. దాని పక్కన బోల్టు లేదు, ఉత్త బెజ్జం ఉంది. దానికి కింద కొత్తగా పొడిచిన బెజ్జం, దాని పక్కన ఇంకో చుక్క. అక్కడా బోల్టు లేదు. ఇంకా కిందికి, బ్రేకు తిరిగే ఇరుసుకు ఆనుకుని మూడో బెజ్జం. మెరిసిపోతున్న బోల్టు, తాజా పసుపు చుక్క. స్ప్రింగు కూడా పాతది కాదు. పెన్నులో పెట్టుకునేదంత సన్నగా ఉంది.

పాతికేళ్ళు బళ్ళతో బతికిన మనిషికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. కడ్డీని ఇరుసుకు దగ్గరగా జరిపితే బ్రేకు తొక్కడం తేలికవుతుంది. కాకపోతే ఇంకా లోతుకు తొక్కాలి. ఎవరో ఆవిడ కాలు చచ్చుబడుతున్న కొద్దీ ఆ కడ్డీని దింపుకుంటూ వచ్చారు. ఆ ఎవరో ఎవరో పసుపు చుక్కలు చెబుతూనే ఉన్నాయి.

పానా రంగు డబ్బాలతో వచ్చేసరికి టీచరమ్మ ఇంకా అదే సీట్లో ఉంది. తలుపు తెరిచి ఉంది. టార్చి వెలుగుతూనే ఉంది.

"ఇదేంటి?" అంది.

ఆయన వంగి చూశాడు. చూడాల్సిన అవసరం లేకపోయినా చూశాడు. "బోల్టు."

"బోల్టని నాకూ తెలుసు. ఇక్కడికెలా వచ్చింది?"

"అదీ... కడ్డీ కొంచెం వదులైతే..."

"మీకు అబద్ధం చెప్పడం రాదు. నేర్చుకోవడానికి ఇది టైం కాదు."

ఆయన డబ్బాలు కింద పెట్టాడు. పెట్టి, వాటిని గోడవారగా జరిపి, మళ్ళీ సరిచేసి, ఇక చేయడానికి పనేమీ దొరక్క నిలబడ్డాడు.

"ఎండాకాలం మొదట్లో అనుకుంటా," అన్నాడు చివరికి. "నువ్వు బండెక్కాక కాలు లోపల పెట్టుకోవడానికి తొడకింద చెయ్యి వేసి లేపుకోవడం చూశాను. ఎవరూ చూడట్లేదు కదా అని అటూ ఇటూ చూసుకున్నావు. నేను స్తంభం వెనక ఉన్నాను. నాకు ప్రాణం పోయినట్టయింది. అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావు. అడక్కపోతే నేనుండలేను. నాకు చేతనైంది ఒక్కటే కదా. పానా పట్టుకున్నాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మళ్ళీ కష్టపడుతున్నట్టనిపించింది. ఇంకొంచెం దింపాను."

"ఆ తర్వాత?"

"చుక్కలున్నాయిగా," అన్నాడు పానా నేల చూస్తూ. "చూశావుగా."

టీచరమ్మకు ముందు ఏడుపొచ్చింది. దాన్ని మింగేసరికి కోపమొచ్చింది. కోపం ఏడుపు కంటే పనికొస్తుందని దాన్నే పట్టుకుంది.

"ఆ మధ్య పాల వ్యానును గుద్దబోయినప్పుడు మన బండి ఎందుకు అంత ఆలస్యంగా ఆగిందో ఇప్పుడర్థమైంది నాకు. స్టూడెంట్‌దే తప్పని ఆ అమ్మాయిని తిట్టాను. ఏడ్చుకుంటూ పోయింది పాపం!"

"అడుగుదాకా తొక్కితే పడుతుంది..."

"అడుగుదాకా తొక్కేలోపు అవతలి మనిషి ఉండొద్దూ? నన్ను నమ్మి ఎక్కుతున్నారండీ వాళ్ళు. మీ బండి బాగుందనీ కాదు, మా వదిన ఫోన్లో బాగా మాట్లాడుతుందనీ కాదు. పక్కన నేనున్నానని ఎక్కుతున్నారు."

పానా రంగు డబ్బాను కాలితో ఇంకొంచెం గోడవైపు నెట్టాడు.

"సరే, అదీ వదిలేయండి. ఆ రోజు మేడమ్ అడిగినప్పుడు మీరు నా పక్కనే కూర్చున్నారు. బలం తగ్గుతోందా అని ఆవిడ అడిగింది. లేదని నేను చెప్పాను. నేను నిజమే అనుకుని చెప్పాను. మీరు? కిటికీలోంచి ఏం చూశారు? చెట్టు మీద పిట్టలా?"

"ఆపరేషన్‌లో రక్తం ఆగడం కష్టం అని అంతకుముందే అంది కదా ఆవిడ," అన్నాడు పానా. "ఆ గడ్డంతా రక్తమే, కత్తి పెడితే పొంగుతుంది అంది. ఆ మాట విన్నాక నా నోరు పెగల్లేదు. నువ్వు కుంటుతూ అయినా నా కళ్ళముందు తిరుగుతుంటే చాలనుకున్నాను. తప్పే. ఒప్పుకుంటున్నాను. కానీ నాకు నువ్వు కావాలి, ఏం చెయ్యను?"

ఇంత మాట ఆయన పెళ్ళయ్యాక ఎన్నడూ అనలేదు. వేరే రోజయితే ఆవిడ దాన్ని కొంగున కట్టుకుని ముసలితనం దాకా దాచుకునేది. ఇవాళ మాత్రం ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది.

"మీకు నేను కావాలి. నాకు నా కాళ్ళు కావాలి. రెండూ ఒక్కటే అనుకున్నారు మీరు, అక్కడే దెబ్బతిన్నాం. పానా తీయండి."

"ఎందుకు?"

"పాత చోట బిగించండి. మొదటి చుక్క దగ్గర. పాత స్ప్రింగు పారేశారా, ఉందా?"

"ఉంది," అన్నాడు. ఆయన ఏదీ పారేయడు.

ఆవిడ చూస్తుండగానే ఆయన సీటు కింద దూరి బోల్టు విప్పాడు. చిన్నప్పట్నుంచీ చేసిన పని, కళ్ళకు గంతలు కట్టినా చేయగలడు. అయినా చేతిలోని పానా ఒకటికి రెండుసార్లు జారింది. కడ్డీ పైకి ఎక్కించి, స్ప్రింగు తగిలించి, బిగించి, పక్కకు జరిగాడు. చుక్క పెట్టబోయి ఆగిపోయాడు. ఆ చుక్క ముందే ఉంది.

టీచరమ్మ కాలు పెట్టింది. తొక్కింది.

ఆవిడ ముఖంలో నరాలు తేలాయి గానీ బ్రేకు కదల్లేదు. ఇద్దరూ ఆ పాదం వైపే చూస్తూ ఉండిపోయారు. పానా కళ్ళలోంచి నీళ్ళు జారి చొక్కా మీది గ్రీజు మరకలో ఇంకాయి.

ఇంతలో వదినగారు ఆఫీసు గదిలోంచి వచ్చింది. తమ్ముడి ఏడుపు, మరదలి ముఖం చూసి గుండె బాదుకుంది. "ఏమైందే? క్యాన్సర్ కాదన్నారు కదే!"

"లారీ కింద పడటం కూడా క్యాన్సర్ కాదు వదినా," అంది టీచరమ్మ. "ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. మేడమ్ ఇవాళే చూడాలని చెప్పు. కుదరదంటే నీ పద్ధతిలో అడుగు."

వదినగారి పద్ధతికి ఎదురు నిలిచే ఆసుపత్రి ఇంకా పుట్టలేదు. మధ్యాహ్నానికి ముగ్గురూ సర్జన్ మేడమ్ గదిలో ఉన్నారు.

టీచరమ్మ చేతిసంచిలోంచి పాత గుడ్డలో చుట్టిన బెజ్జాల పట్టీని తీసి బల్ల మీద పెట్టింది. బయల్దేరే ముందు పట్టుబట్టి బండిలోంచి ఊడదీయించి తెచ్చింది. మేడమ్ కళ్ళజోడు సవరించుకుని దాన్ని చూసింది.

"ఏంటిది?"

"పోయినసారి నేను మీకు చెప్పింది తప్పు మేడమ్. నా కాలు తగ్గుతోంది. ఇదిగో, ఈ పై బెజ్జం నుంచి ఈ కింది బెజ్జానికి వచ్చినంత తగ్గింది. నాకు తెలియలేదు. ఎందుకు తెలియలేదో ఈయన చెబుతారు."

పానా చెప్పాడు. తడబడుతూ, దాచకుండా, చివరిదాకా చెప్పాడు. మేడమ్ మధ్యలో ఒక్క మాట అడ్డం వేయలేదు. ఆ తర్వాత తిట్టనూ లేదు. లేచి వచ్చి టీచరమ్మను బల్ల మీద పడుకోబెట్టి, కాలెత్తమంది, దించమంది, తన అరచేతిని పాదంతో తొయ్యమంది. తాళంచెవితో అరికాలు మీద గీసింది. బొటనవేలు కిందికి ముడుచుకోవాల్సింది పైకి లేచింది, వెన్నుపాము నలుగుతోందని చెప్పే గుర్తు అది. మేడమ్ పెదాలు బిగించి అప్పటికప్పుడు స్కాన్‌కు పంపింది.

స్కాన్ బొమ్మలు తెర మీదికొచ్చాక ఆవిడ వేలుపెట్టి చూపించింది. "ఇది వెన్నుపూస. ఇది గడ్డ. పోయినసారి ఇక్కడిదాకానే ఉంది. ఇప్పుడు ఇంకా ముందుకొచ్చి వెన్నుపామును అవతలి ఎముక గోడకు నొక్కేస్తోంది. ఉన్నట్టే ఉండి ఉంటే రేడియేషన్‌తో మెల్లగా కుదించేవాళ్ళం. దానికి నెలలు పడుతుంది. కాలు ఇలా దిగజారుతుంటే అంత వ్యవధి లేదు."

"అయితే కోసెయ్యండి," అంది టీచరమ్మ.

"అంత సులువు కాదమ్మా. ఒట్టి రక్తపు గడ్డ ఇది. నేరుగా కోస్తే ఏమీ కనపడనంతగా కారుతుంది. అందుకని ముందు ఇంకో డాక్టరు గారు మీ తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి తీగలాంటి గొట్టాన్ని పైకి పంపిస్తారు. గడ్డకు రక్తం పోసే కొమ్మలన్నీ వెతికి లోపల్నుంచే మూసేస్తారు. మర్నాడు నేను వీపు వైపునుంచి తెరుస్తాను. వెన్నుపాము మీద ఒత్తిడి తీసేసి, గుల్లబారిన ఎముకలో సిమెంటు నింపి, పైనా కిందా మరలు బిగిస్తాను."

"సిమెంటా?" అన్నాడు పానా అప్రయత్నంగా.

"ఇళ్ళకు వాడేది కాదులెండి," అంది మేడమ్. గదిలో ఆ రోజు మొదటిసారి ఎవరో నవ్వారు. అది వదినగారు.

మేడమ్ మాత్రం వెంటనే ముఖం మార్చుకుంది. "ఒక్క సంగతి ముందే చెప్పాలి. వెన్నుపాము కింది భాగానికి రక్తం ఇచ్చే ముఖ్యమైన నాళం ఒకటుంటుంది. అది ఏ కొమ్మలోంచి పుడుతుందో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మీకెక్కడుందో లోపలికి వెళ్ళి చూస్తేగానీ తెలియదు. గడ్డకు దూరంగా ఉంటే ఇబ్బంది లేదు."

"దగ్గరగా ఉంటే?"

"అప్పుడు ఆలోచిద్దాం."

పానా చెయ్యి టీచరమ్మ భుజం మీద పడింది. ఆవిడ దాన్ని తీసేయలేదు. కోపం ఇంకా అలాగే ఉంది, కానీ కోపంగా ఉన్నంత మాత్రాన ఆ చెయ్యి అక్కర్లేకుండా పోదు.

"ఇన్నాళ్ళూ మెత్తటి బ్రేకు తొక్కి బాగున్నాననుకున్నాను మేడమ్," అంది. "ఇక చాలు. ఎంత గట్టిగా ఉందో అంతే చెప్పండి, అంతే చెయ్యండి. సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆ మరుసటి ఉదయం ఆవిడను చల్లటి గదిలో సన్నటి బల్ల మీద పడుకోబెట్టారు. పైన పెద్ద ఎక్స్‌రే యంత్రం వంగి చూస్తోంది. ఒక పక్కన అద్దపు గోడ. దాని వెనక సర్జన్ మేడమ్, ఆవిడ పక్కన పానా నిలబడి ఉన్నారు. అక్కడికి బయటివాళ్ళను రానివ్వరు గానీ, టీచరమ్మ పట్టుబట్టింది. ఈసారి ఆయన చూడాల్సిందేనంది. మేడమ్ ఒప్పుకుంది.

వదినగారు తీగల డాక్టరని పేరుపెట్టిన ఆయన నెమ్మదస్తుడు. మత్తు తొడ దగ్గర ఒక్కచోటే ఇచ్చాడు. మధ్యమధ్యలో కాళ్ళు కదిపించి చూడాలి, అందుకే మెలకువగా ఉంచుతున్నానన్నాడు. నాళాలు తెర మీద కనపడటానికి మందు ఎక్కించిన ప్రతిసారీ వీపులోంచి పొట్టలోకి వేడిగా ఏదో పాకేది. తెర మీద ఆవిడ లోపలి రక్తనాళాలు నల్లగా మెరిసి మాయమయ్యేవి.

"ఒకటి మూసేశాను," అనేవాడాయన. "వేళ్ళు కదపండి. బాగుంది." కాసేపాగి, "ఇంకోటి కూడా అయింది. కదపండి. బాగుంది."

కుడికాలి వేళ్ళు అంతంతమాత్రంగా కదిలేవి. ఎడమకాలు మాత్రం ఎప్పట్లాగే చలాకీగా ఉండేది. ఈ ఎడమకాలి మీదే ఆవిడ ఇన్నాళ్ళూ మెట్లెక్కింది, గోడలు పట్టుకుని నడిచింది.

ఆ తర్వాత ఎక్కించిన మందుకు తెర మీద లావుపాటి కొమ్మ ఒకటి లేచింది. డాక్టరు ఏమీ అనలేదు. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ చూశాడు. బండి నేర్చుకునేవాళ్ళు ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే ఏదో జరగబోతోందని టీచరమ్మకు బాగా తెలుసు.

"చెప్పండి డాక్టరు గారూ. గట్టిదే చెప్పండి."

ఆయన బల్ల దగ్గరగా వంగాడు. "గడ్డకు అన్నిటికంటే ఎక్కువ రక్తం పోసేది ఈ కొమ్మే. మీ వెన్నుపాముకు పోయే నాళం కూడా దీంట్లోంచే పుట్టింది. దీన్ని మూస్తే కాళ్ళు రెండూ పోవచ్చు. మూయకపోతే మేడమ్ ఆపరేషన్‌లో రక్తం ఎంత పోతుందో చెప్పలేం."

చల్లటి గదిలో ఆవిడకు చెమట పట్టింది. భయమేసింది. భయమేసిందని తనకు తానే ఒప్పుకుని, ఆ తర్వాత నోరు విప్పింది.

"బ్రేకు పడనప్పుడు ఏం చెయ్యాలో మా వాళ్ళకు మొదటి వారమే చెబుతాను. ఇంజన్ మాత్రం ఆపొద్దు, ఆపితే స్టీరింగ్ బిగుసుకుంటుంది. గేరు దింపుకుంటూ, దారి చూసుకుంటూ రమ్మంటాను. దాని జోలికి పోకండి డాక్టరు గారూ. మేడమ్ ఎలాగోలా చూసుకుంటారు."

"సరే. వదిలేస్తున్నాను." ఆయన గొట్టాన్ని కొంచెం వెనక్కి లాగాడు. "ఒకసారి కుడికాలి వేళ్ళు కదపండి."

కదిపింది.

"ఎడమ."

కదిపింది.

"ఎడమకాలండీ. వేళ్ళు కదపండి."

"కదిపానుగా!"

డాక్టరు వంగి ఎడమ పాదాన్ని పట్టుకుని చూశాడు. టీచరమ్మకు తన పాదాలు కనిపించవు, మీద ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా ఉంది. ఆవిడ తల తిప్పి అద్దం వైపు చూసింది. పానా ముఖం అద్దానికి ఆనించి ఆ పాదం వైపే చూస్తున్నాడు.

"ఏమండీ," అంది. ఆయనకు మాట వినపడదు, పెదాలు తెలుస్తాయి. "కదిలిందా?"

అవునని తలూపడం ఆయనకు ఎంత తేలికో ఆవిడకు తెలుసు. ఆయన కళ్ళు నిండిపోయాయి. ఈసారి కిటికీ వైపు తిరగలేదు. ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసి, లేదని తల అడ్డంగా ఊపాడు.

"రక్తం ఆగిన గడ్డ ఉబ్బి వెన్నుపామును ఇంకా నొక్కుతున్నట్టుంది," అన్నాడు డాక్టరు.

"మేడమ్‌ను పిలవండి," అంది టీచరమ్మ. "ఆపరేషన్ రేపు కాదు. ఇప్పుడే."

అద్దం వెనక పానా పక్కన మేడమ్ నిలబడ్డ చోటు అప్పటికే ఖాళీగా ఉంది. నడవా చివర ఆపరేషన్ థియేటర్ తలుపులు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. మూయకుండా వదిలేసిన ఆ లావుపాటి కొమ్మ మాత్రం, తెర మీద, ఆవిడ గుండె కొట్టుకున్నప్పుడల్లా అదురుతూనే ఉంది.